కాన్పు నాటి బీపీ, యాభైలో గుండె: మహిళల్లో జబ్బు ఎక్కడ తప్పిపోతోంది?

నలభై ఎనిమిదేళ్ల మహిళ మెట్లెక్కితే ఆయాసం వస్తోందని డాక్టర్ దగ్గరకు వెళ్లారనుకుందాం. ముందు హిమోగ్లోబిన్ చూస్తారు. అది బాగుంటే థైరాయిడ్. అదీ బాగుంటే నెలసరి ఆగిపోయే వయసు కదా, ఇలాంటివి మామూలే అంటారు. నిద్ర సరిగా పట్టడం లేదని, ఇంట్లో టెన్షన్‌గా ఉందని ఆమే ఒక మాట అంటే ఇక కారణం దొరికిపోయినట్టే. ఈ పరీక్షల్లో ఏదీ తప్పు కాదు. రక్తహీనత, థైరాయిడ్ లోపం, ఆందోళన మూడూ ఆయాసం తెప్పించగలవు. ఇబ్బందల్లా వరసలోనే ఉంది. అదే వయసు మగవాడు అదే మాట చెబితే మొదటి అనుమానం గుండె మీదకు వెళ్తుంది. ఆమె విషయంలో గుండె వంతు చివర్లో వస్తుంది. చాలాసార్లు ఆ చివరి దాకా ఎవరూ వెళ్లరు.

ప్రపంచవ్యాప్తంగా మహిళల ప్రాణాలు ఎక్కువగా తీస్తున్నవి గుండె, రక్తనాళాల జబ్బులే. 2019లో చనిపోయిన మహిళల్లో 35 శాతం మందిని ఇవే బలితీసుకున్నాయని ‘లాన్సెట్’ వైద్య పత్రిక ఏర్పాటు చేసిన నిపుణుల కమిషన్ 2021లో తేల్చింది. అంటే దాదాపు 89 లక్షల మంది. అన్ని రకాల క్యాన్సర్లనూ కలిపినా ఇంతమంది మహిళలు చనిపోవడం లేదు. అయినా నలభై దాటిన మహిళ ఆరోగ్యం అనగానే రొమ్ము, గర్భసంచి, ఎముకల పరీక్షలు గుర్తొస్తాయి. గుండె గుర్తుకు రాదు. ఆమెకే గుర్తుకు రాదు, ఇంట్లోవాళ్లకు గుర్తుకు రాదు. డాక్టర్లకు కూడా ఆలస్యంగా గుర్తొస్తోంది, అది మరీ బాధాకరం.

పరీక్షలు లేక ఇలా జరుగుతోందా అంటే అదీ కాదు. ఈసీజీ నుంచి గుండె ధమనులను స్కాన్‌లో చూపించే సీటీ యాంజియో దాకా అన్నీ ఉన్నాయి. కానీ ఏ పరీక్ష ఎప్పుడు చేయాలన్నది అంతకుముందు అడిగే ప్రశ్నలను బట్టి తేలుతుంది. గర్భంతో ఉన్నప్పుడు బీపీ వచ్చిందా, షుగర్ వచ్చిందా, నెలలు నిండకుండానే కాన్పయిందా, నెలసరి ఎన్నో ఏట ఆగింది? నడివయసు మహిళ గుండె గురించి ఎంతో చెప్పగల ప్రశ్నలివి. గుండె డాక్టర్ వీటిని అడగడం అరుదు. గైనకాలజిస్టుకు ఇవన్నీ తెలుసు, కానీ ఇరవై ఏళ్ల తర్వాత ఆమెను చూసేది వేరే డాక్టర్. రెండు ఫైళ్లూ ఎప్పుడూ ఒకే బల్ల మీదకు రావు. రోగనిర్ధారణ ఎక్కువగా తప్పిపోయేది అక్కడే.

మగవాళ్ల జబ్బన్న పేరు ఎలా పడింది

1768లో విలియం హెబెర్డెన్ అనే వైద్యుడు గుండెనొప్పిని మొదటిసారి స్పష్టంగా వర్ణించి లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్‌లో చదివి వినిపించారు. నడుస్తుంటే వచ్చి, ఆగితే తగ్గే ఆ నొప్పిని ఆయన ఎంత కచ్చితంగా పట్టుకున్నారంటే వైద్య విద్యార్థులు ఇప్పటికీ అవే గుర్తులు నేర్చుకుంటున్నారు. తాను చూసిన దాదాపు వంద మందిలో ముగ్గురే ఆడవాళ్లని కూడా ఆయన తర్వాత రాశారు. అది ఆయన దగ్గరకు వచ్చినవాళ్ల లెక్క. రానివాళ్ల లెక్క ఎవరూ తీయలేదు.

ఆ ధోరణి ఇరవయ్యో శతాబ్దంలోనూ సాగింది. 1964లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఒరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో మహిళల కోసం గుండె జబ్బుల సదస్సు పెట్టింది. అందులో వాళ్లకు చెప్పింది భర్తల గుండెను ఎలా కాపాడుకోవాలనే. వాళ్లకూ గుండె ఉందన్న సంగతి ఎజెండాలో లేదు.

పరిశోధనలు కూడా అదే దారిలో నడిచాయి. ఆస్పిరిన్ గుండెపోటును ఆపుతుందని చెప్పి ప్రసిద్ధికెక్కిన 1989 నాటి అధ్యయనంలో పాల్గొన్న 22,071 మంది డాక్టర్లూ పురుషులే. గుండెపోట్లు 44 శాతం తగ్గాయని తేలడంతో ఆ సలహా ఆడవాళ్లకూ వెళ్లిపోయింది. మహిళల మీద విడిగా చేసిన పెద్ద అధ్యయనం 2005లో గానీ రాలేదు. అందులో 39,876 మంది ఆరోగ్యవంతులైన మహిళలను పదేళ్ల పాటు గమనించారు. ఆస్పిరిన్ పక్షవాతాన్ని 17 శాతం తగ్గించింది గానీ మొత్తం మీద మొదటి గుండెపోటును తగ్గించలేదు. 65 దాటినవాళ్లలో మాత్రమే గుండెకు మేలు కనిపించింది. ‘మంచిదే కదా’ అని నడివయసు మహిళలు ఇన్నేళ్లూ వేసుకున్న మాత్ర వాళ్లకు ఆశించిన మేలు చేయలేదన్నమాట.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థకు మొదటి మహిళా డైరెక్టర్ అయిన బెర్నడిన్ హీలీ, స్వయంగా గుండె వైద్యురాలు, 1991లో దీని మీద గట్టిగా రాశారు. మగవాడికి వచ్చినట్టే తనకూ జబ్బు వచ్చిందని నిరూపించుకున్నాక గానీ ఆడమనిషికి సమానమైన వైద్యం దొరకడం లేదన్నది ఆమె ఫిర్యాదు. రెండేళ్లకు, 1993లో, ప్రభుత్వ నిధులతో చేసే ప్రయోగాల్లో మహిళలను చేర్చుకోవాలని అమెరికా చట్టం చేసింది. అంటే గుండె వైద్యానికి ఆధారమైన జ్ఞానంలో పెద్ద భాగం అప్పటికే తయారైపోయాక.

మహిళలకు నెలసరి ఆగేదాకా గుండె జబ్బు రాదన్న నమ్మకానికి కొంత ఆధారం ఉంది. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో మహిళలకు మొదటి గుండెపోటు పురుషుల కన్నా సగటున తొమ్మిదేళ్లు ఆలస్యంగా వచ్చినట్టు 2004లో తేలింది. ఆ తొమ్మిదేళ్లు వాయిదా మాత్రమే, రక్షణ అనుకోవడానికి లేదు. పైగా షుగర్ ఉన్నవాళ్లకు, పొగ తాగేవాళ్లకు ఆ వాయిదా కూడా బాగా కుంచించుకుపోతుంది.

‘నొప్పి ఉందా?’ అని అడిగితే సరిపోదు

ఆడవాళ్లకు గుండెపోటు వస్తే ఛాతీ నొప్పి ఉండదని, విచిత్రమైన లక్షణాలే ఉంటాయని ఈమధ్య బాగా ప్రచారమైంది. మంచి ఉద్దేశంతోనే మొదలైనా ఇది అపోహే. 55 ఏళ్లలోపు గుండెపోటు రోగుల మీద అమెరికాలో జరిగిన ‘వర్గో’ అధ్యయనంలో పురుషుల్లో దాదాపు 90 శాతం మంది, మహిళల్లో 87 శాతం మంది ఛాతీలో నొప్పి, ఒత్తిడి లేదా బిగుతు వచ్చిందనే చెప్పారు. తేడా మరోచోట ఉంది. మహిళల్లో దానితో పాటు ఇంకో మూడు నాలుగు లక్షణాలు కలిసి వచ్చాయి: వికారం, ఆయాసం, గుండెదడ, దవడలో గానీ మెడలో గానీ వీపు పైభాగంలో గానీ లాగినట్టుండటం. చెప్పుకోవడానికి ఎక్కువ లక్షణాలు ఉండేసరికి అసలు లక్షణం వాటిలో కలిసిపోయింది.

అదే అధ్యయనంలో ఇంకో సంగతి గుండె బరువెక్కిస్తుంది. గుండెపోటుకు ముందే లక్షణాలతో డాక్టర్ దగ్గరకు వెళ్లింది మగవాళ్ల కన్నా ఆడవాళ్లే ఎక్కువ. 22 శాతం మంది పురుషులు వెళ్తే, 30 శాతం దాకా మహిళలు వెళ్లారు. కానీ అలా వెళ్లిన మహిళల్లో 53 శాతం మంది తమ లక్షణాలు గుండెకు సంబంధించినవి కావని డాక్టర్ అనుకున్నారని చెప్పారు. పురుషుల్లో ఆ మాట చెప్పినవాళ్లు 37 శాతం. ఆడవాళ్లు ఒంట్లో బాగాలేకపోయినా చెప్పుకోరు, ఆలస్యం చేస్తారు అని తప్పంతా వాళ్ల మీద వేసేముందు ఈ అంకెలను చూడాలి.

సంభాషణ ఎక్కడ దారి తప్పుతుందో దగ్గరగా చూస్తే తెలుస్తుంది. ‘ఛాతీలో నొప్పి ఉందా?’ అంటే చాలామంది లేదంటారు. బరువుగా ఉందా, పట్టేసినట్టు ఉందా, మంటగా ఉందా, ఊపిరి పూర్తిగా అందనట్టు ఉందా అని అడిగితే ఉందంటారు. తర్వాతి ప్రశ్న మరీ ముఖ్యం: అది ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు తగ్గుతుంది? వేగంగా నడిచినప్పుడు, బరువు ఎత్తినప్పుడు, మనసు కలత పడినప్పుడు వచ్చి, కాసేపు కూర్చుంటే తగ్గిపోతే గుండెను అనుమానించాల్సిందే. అది ‘గ్యాస్’ లాగా అనిపించినా సరే. పోయిన నెల తేలిగ్గా చేసుకున్న పనికి ఈ నెల మధ్యలో రెండుసార్లు ఆగాల్సి వస్తే, ఎక్కడా నొప్పి లేకపోయినా, ఆ మార్పే లక్షణం. నొప్పి పది నిమిషాలు దాటినా తగ్గకపోయినా, చల్లటి చెమటలు పట్టినా, కళ్లు తిరిగినా ఇక అపాయింట్‌మెంట్ కోసం చూడకూడదు. వెంటనే అంబులెన్స్‌కు ఫోన్ చేయాలి.

కాన్పు ఫైలులో ఉన్న గుండె సమాచారం

గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం పరిమాణం దాదాపు సగం పెరుగుతుంది. గుండె నిమిషానికి పంపే రక్తం కూడా 30 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది. ఇంత భారాన్ని తట్టుకోవాలంటే రక్తనాళాలు బాగా సడలి, వెడల్పు కావాలి. అలా సడలలేని ఒంట్లో బీపీ పైకి పోతుంది. బీపీతో పాటు మూత్రంలో ప్రొటీన్ పోవడం గానీ, మూత్రపిండాల మీదో కాలేయం మీదో ప్రభావం పడటం గానీ ఉంటే దాన్ని ప్రీఎక్లాంప్సియా అంటారు. అది ముదిరి ఫిట్స్ వచ్చే స్థితినే పెద్దవాళ్లు గుర్రపువాతం అనేవాళ్లు. కాన్పయ్యాక వారాల్లో బీపీ మామూలుకు వస్తుంది. తల్లీబిడ్డా క్షేమం అనుకుంటారు. ఆ మాట అక్కడితో అందరూ మరిచిపోతారు.

రక్తనాళాలు మాత్రం మరిచిపోవు. ప్రీఎక్లాంప్సియా వచ్చిన మహిళలకు తర్వాతి జీవితంలో గుండె ధమనుల జబ్బు ముప్పు రెట్టింపుకు పైగా, గుండె బలహీనపడే ముప్పు నాలుగు రెట్ల దాకా ఉంటుందని లక్షల మంది మహిళల సమాచారాన్ని కలిపి చేసిన విశ్లేషణ 2017లో తేల్చింది. కాన్పు తర్వాత మొదటి పదేళ్లలోనే ఈ తేడా బయటపడటం మొదలవుతుంది. అంటే ముప్పై రెండేళ్లకు బీపీతో కాన్పయిన మహిళను నలభై ఐదేళ్లకు ‘ఏ జబ్బూ లేని మనిషి’గా చూడటం సరికాదు. ఆమెకు ఏటా బీపీ చూడాలి, మూత్రపిండాల పనితీరు, కొలెస్ట్రాల్ చూస్తూ ఉండాలి.

గర్భంలో వచ్చే షుగర్ సంగతీ ఇంతే. అది వచ్చినవాళ్లకు తర్వాత శాశ్వతంగా షుగర్ జబ్బు వచ్చే అవకాశం మిగతావాళ్ల కన్నా దాదాపు పది రెట్లు. గుండె, రక్తనాళాల జబ్బు ముప్పు దాదాపు రెట్టింపు. కాన్పయిన 4 నుంచి 12 వారాల మధ్య గ్లూకోజ్ తాగించి చేసే పరీక్ష ఒకసారి, తర్వాత జీవితాంతం ఒకటి నుంచి మూడేళ్లకోసారి షుగర్ పరీక్ష చేయించుకోవాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. చేతిలో పసిబిడ్డ ఉన్న తల్లి ఆ మొదటి పరీక్షకే రావడం కష్టం. ఆమెకు గుర్తు చేసేవాళ్లు ఉండాలి, ఆ పని ఆస్పత్రిది కూడా.

నెలలు నిండకుండా కాన్పవడం, బిడ్డ బరువు బాగా తక్కువగా పుట్టడం, పదేపదే గర్భస్రావాలు కావడం కూడా గుండె డాక్టర్‌కు చెప్పదగ్గ విషయాలే. ఒంట్లోని రక్షణ వ్యవస్థ ఒంటి మీదే తిరగబడే లూపస్, రుమటాయిడ్ కీళ్లవాతం లాంటి జబ్బులు ఆడవాళ్లలో ఎక్కువ. అవి కలిగించే వాపు గుండె ధమనులను కూడా వదలదు. ఎడమ రొమ్ము క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్నవాళ్లు, గుండె కండరాన్ని దెబ్బతీయగల కీమో మందులు వాడినవాళ్లు ఆ సంగతి ఎన్నేళ్లయినా చెప్పాలి.

ఇక మెనోపాజ్. నెలసరి ఆగే సమయానికి ముందూ వెనకా ఉన్న ఏడాది కాలంలోనే చెడు కొలెస్ట్రాల్ ఒక్కసారిగా పెరుగుతుందని మహిళలను ఏళ్ల తరబడి గమనించిన అమెరికా ‘స్వాన్’ అధ్యయనం చూపించింది. వయసుతో పాటు నెమ్మదిగా వచ్చే పెరుగుదలకు ఇది అదనం. కొవ్వు తుంటి భాగం నుంచి పొట్టలోకి మారుతుంది, నిద్ర చెదురుతుంది, బీపీ పైకి జరుగుతుంది. అందుకే నలభై రెండేళ్లప్పుడు చేయించిన కొలెస్ట్రాల్ (లిపిడ్) రిపోర్టు బాగుందని యాభై మూడేళ్లప్పుడు ధీమాగా ఉండటం ప్రమాదం. నలభై ఏళ్లలోపే నెలసరి ఆగిపోయినా, అండాశయాలు తీసేయాల్సి వచ్చినా ముప్పు ఇంకా ముందే మొదలవుతుంది. అమెరికా గుండె వైద్య సంఘాలు 2018లో ఇచ్చిన కొలెస్ట్రాల్ మార్గదర్శకాల్లో ప్రీఎక్లాంప్సియాను, నలభైలోపు మెనోపాజ్‌ను ముప్పు పెంచే అంశాలుగా స్పష్టంగా రాశారు. రాసి ఇన్నేళ్లయినా ఓపీలో ఆ రెండు ప్రశ్నలూ వినిపించడం అరుదే.

ఆడవాళ్ల హార్మోన్ అయిన ఈస్ట్రోజెన్ తగ్గడం వల్లే ఇదంతా అయితే దాన్ని మాత్రల రూపంలో ఇస్తే సరిపోతుంది కదా అన్న ఆలోచన చాలాకాలం రాజ్యమేలింది. 16,608 మంది మహిళల మీద చేసిన ‘విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్’ ప్రయోగాన్ని 2002లో మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి తీసుకున్నవాళ్లలో గుండె జబ్బు తగ్గకపోగా పెరిగింది. పక్షవాతం, రక్తం గడ్డకట్టడం, రొమ్ము క్యాన్సర్ కూడా పెరిగాయి. ఆ ప్రయోగంలో చాలామంది మెనోపాజ్ దాటి ఏళ్లు గడిచినవాళ్లు. కాబట్టి ఒంట్లోంచి ఆవిర్లు వచ్చి నిద్ర లేకుండా బాధపడుతున్న, 60 ఏళ్లలోపు, నెలసరి ఆగి పదేళ్లు దాటని, ఇతర ముప్పులు లేని మహిళ ఆ బాధ తగ్గడానికి డాక్టర్ సలహాతో హార్మోన్ వాడటంలో తప్పు లేదు. గుండెను కాపాడుకోవడం కోసమే అయితే మాత్రం వాడకూడదు.

‘యాంజియో నార్మల్’ అన్నాక

ఈసీజీ బాగుందంటే గుండె బాగుందని కాదు. నొప్పి లేని సమయంలో తీసిన ఈసీజీ మామూలుగా ఉండొచ్చు. గుండెపోటు అనుమానం ఉన్నప్పుడు ఆస్పత్రికి వచ్చిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలి, అవసరమైతే మళ్లీ మళ్లీ తీయాలి. దానితో పాటు రక్తంలో ట్రోపోనిన్ అనే ప్రొటీన్ చూస్తారు. గుండె కండరం దెబ్బతింటే అది రక్తంలోకి వస్తుంది. ఒక్కసారి చూస్తే చాలదు, కొన్ని గంటల తేడాతో రెండోసారి చూసి పెరిగిందో లేదో గమనించాలి. ఇక్కడ ఆడవాళ్లకు ముఖ్యమైన మెలిక ఉంది. ఆరోగ్యవంతురాలైన మహిళ రక్తంలో ట్రోపోనిన్ మగవాళ్ల కన్నా తక్కువ ఉంటుంది. బాగా వాడుకలో ఉన్న ఒక ట్రోపోనిన్-ఐ పరీక్షలో మగవాళ్లకు హద్దు లీటరుకు 34 నానోగ్రాములైతే ఆడవాళ్లకు 16 మాత్రమే. ఇద్దరికీ ఒకే గీత గీస్తే 20 వచ్చిన మహిళను ‘నార్మల్’ అని ఇంటికి పంపించేస్తారు. రిపోర్టులో మహిళలకు వేరే హద్దు రాశారా అని అడగడం రోగి తరఫువాళ్ల హక్కు.

నడిపిస్తూ ఈసీజీ తీసే ట్రెడ్‌మిల్ పరీక్ష నడివయసు మహిళల్లో అంత నమ్మదగింది కాదు. లేని జబ్బును ఉన్నట్టు చూపించడం ఆడవాళ్లలో ఎక్కువ. అందుకే లక్షణాలను బట్టి స్ట్రెస్ ఎకో (గుండెకు శ్రమ కలిగించి చేసే స్కాన్), సీటీ కరోనరీ యాంజియో లాంటివి ఎంచుకోవడం మేలు.

అసలు చిక్కు యాంజియోగ్రామ్ తర్వాత వస్తుంది. గుండెనొప్పితో యాంజియో చేయించుకున్న మహిళల్లో దాదాపు సగం మందికి పెద్ద ధమనుల్లో చెప్పుకోదగ్గ బ్లాక్ కనిపించదు. ‘బ్లాకులేమీ లేవు, గుండె భేషుగ్గా ఉంది, టెన్షన్ తగ్గించుకోండి’ అని పంపించేస్తారు. ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. ఆమెకు మాత్రం నొప్పి అలాగే ఉంటుంది. పైగా ఇప్పుడు దాని గురించి చెప్పుకోవడానికి మొహం చెల్లదు, ఎందుకంటే ఏమీ లేదని యంత్రమే చెప్పేసింది.

యాంజియో చూపించేది పెద్ద ధమనులనే. గుండె కండరానికి రక్తం చేర్చే సన్నని నాళాలు అందులో కనబడవు. పెద్ద కాలువ నిండుగా పారుతున్నా పిల్ల కాలువలు మూసుకుపోతే పైరు ఎండినట్టే, ఈ సన్నని నాళాలు అవసరమైనప్పుడు సడలకపోతే గుండె కండరానికి రక్తం చాలదు. కొందరిలో పెద్ద ధమనే ఉన్నట్టుండి బిగుసుకుపోయి మళ్లీ సడలుతుంది. ఈ నొప్పి తెల్లవారుజామున, విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా రావచ్చు. వీటిని పట్టుకునే పరీక్షలున్నాయి. యాంజియో చేసే సమయంలోనే సన్నని తీగతో రక్తప్రవాహం కొలవడం, అసిటైల్‌కోలిన్ అనే మందు ఇచ్చి ధమని బిగుసుకుంటుందేమో చూడటం, లేదంటే పెట్ స్కాన్, గుండె ఎంఆర్ఐ. స్కాట్లండ్‌లో జరిగి 2018లో వెలువడిన ‘కోర్‌మికా’ ప్రయోగంలో ఇలా కారణం తేల్చి దానికి తగ్గ మందు ఇచ్చినవాళ్లకు నొప్పి తగ్గింది, జీవితం మెరుగైంది. అందులో ఎక్కువమంది మహిళలే. ఈ పరీక్షలు అన్నిచోట్లా చేయరు. చేయలేని చోట కూడా ‘సన్నని నాళాల జబ్బు ఉండొచ్చు’ అని ఫైలులో రాసి బీపీ, కొలెస్ట్రాల్, నొప్పి మందులు మొదలుపెట్టవచ్చు. ‘ఏమీ లేదు’ అని రాయడం కన్నా అది ఎంతో నిజాయితీ.

బ్లాక్ లేకుండానే గుండెపోటు వచ్చే స్థితులు ఇంకో రెండు తెలిసి ఉండాలి. ధమని గోడ లోపలి పొర దానంతటదే చీలి, రక్తం దారిని మూసేయడం ఒకటి. ఇది వచ్చేవాళ్లలో పదింట తొమ్మిది మంది మహిళలు, ఎక్కువగా నలభై, యాభైల్లో ఉన్నవాళ్లు. వాళ్లకు కొలెస్ట్రాల్, షుగర్, బీపీ ఏవీ లేకపోవచ్చు. ఇలాంటి ధమని చాలాసార్లు దానంతటదే మానుతుంది, తొందరపడి స్టెంట్ వేస్తే చీలిక పెరిగే ప్రమాదం ఉంది. అందుకే యాంజియో చూసే డాక్టర్‌కు ఇది గుర్తుండటం చాలా అవసరం. రెండోది టకోత్సుబో. తీవ్రమైన దుఃఖం, భయం, లేదా పెద్ద జబ్బు తర్వాత గుండె ఎడమ గది కొన్నాళ్లు సరిగా ముడుచుకోదు. 1990లో జపాన్ వైద్యులు మొదట వర్ణించిన ఈ స్థితి వచ్చేవాళ్లలోనూ దాదాపు 90 శాతం మెనోపాజ్ దాటిన మహిళలే. చాలామంది వారాల్లో కోలుకుంటారు గానీ మొదటి రోజుల్లో ఇది ప్రాణాంతకం కాగలదు. మనసు బాధ వల్లే వచ్చింది కదా అని తేలిగ్గా తీసుకోకూడదు.

ఆపడానికి చేతిలో ఉన్నవి

నిరాశపడాల్సిన పని లేదు, ఎందుకంటే కారణాల్లో చాలావరకు మార్చుకోగలిగినవే. ఇంటర్‌హార్ట్ లెక్క ప్రకారం మహిళల్లో గుండెపోటు ముప్పులో 94 శాతం తొమ్మిది అంశాలతోనే ముడిపడి ఉంది: కొలెస్ట్రాల్, పొగ, బీపీ, షుగర్, పొట్ట, మానసిక ఒత్తిడి, పండ్లూ కూరగాయలూ తక్కువ తినడం, కదలిక లేకపోవడం, మద్యం అలవాటు. వీటిలో కొన్ని ఆడవాళ్లను మరింత గట్టిగా దెబ్బతీస్తాయి. పొగ తాగే మహిళలకు పొగ తాగే పురుషుల కన్నా గుండె జబ్బు ముప్పు సాపేక్షంగా 25 శాతం ఎక్కువ. షుగర్ వల్ల పెరిగే ముప్పు 44 శాతం ఎక్కువ.

అన్నిటికన్నా ముందు బీపీ. దాన్ని కొలిచే తీరులోనే బోలెడు తప్పులు దొర్లుతాయి. మెట్లెక్కి వచ్చి, పట్టీ కట్టించుకుంటూ మాట్లాడుతుంటే వచ్చే అంకెకు విలువ లేదు. మూత్రవిసర్జన చేసి వచ్చి, వీపు ఆనించి, పాదాలు రెండూ నేలమీద పెట్టి, కాలు మీద కాలు వేసుకోకుండా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఆనాలి. పట్టీ చొక్కా మీద కాకుండా చర్మం మీద ఉండాలి, చేతి లావుకు సరిపోయేదై ఉండాలి. ఇరుకు పట్టీ బీపీని ఎక్కువ చేసి చూపిస్తుంది. నిమిషం తేడాతో రెండుసార్లు కొలిచి, రెండూ రాసుకోవాలి. ఇలా వారం రోజులు పొద్దునా సాయంత్రం రాసిన కాగితం డాక్టర్ దగ్గర ఒక్కసారి తీసే రీడింగ్ కన్నా ఎక్కువ నిజం చెబుతుంది. ఇంట్లో సగటు 135/85 దాటుతుంటే మాట్లాడాల్సిందే. ఎక్కువ మోతాదు నొప్పి మాత్రలు తరచూ మింగేవాళ్లు ఆ సంగతి కూడా చెప్పాలి, కొన్ని రకాలు బీపీని పెంచుతాయి.

కొలెస్ట్రాల్ విషయంలో ఒక పరీక్ష ఎంత దూరం చూడగలదో 2024లో వెలువడిన ఒక అధ్యయనం చూపించింది. 27,939 మంది ఆరోగ్యవంతులైన మహిళల రక్తంలో చెడు కొలెస్ట్రాల్, కొలెస్ట్రాల్‌ను మోసే లైపోప్రొటీన్-ఏ అనే కణం, వాపును సూచించే సీఆర్పీ ఒక్కసారి కొలిచి 30 ఏళ్లు గమనించారు. ఈ మూడూ ఎక్కువ ఉన్నవాళ్లకు ముప్పు అన్నేళ్ల తర్వాత కూడా ఎక్కువగానే కనిపించింది. లైపోప్రొటీన్-ఏ వంశపారంపర్యంగా వచ్చేది, జీవితంలో ఒక్కసారి చూస్తే చాలావరకు సరిపోతుంది. ఇంట్లో చిన్న వయసులో గుండెపోట్లు వచ్చిన చరిత్ర ఉంటే తప్పక చూడాలి.

ముప్పును లెక్కగట్టే పట్టికల్లో ఓ తిరకాసుంది. వచ్చే పదేళ్ల ముప్పును మాత్రమే చూస్తే నలభై ఐదేళ్ల మహిళకు దాదాపు ఎప్పుడూ ‘తక్కువ’ అనే వస్తుంది, ఎందుకంటే ఆ లెక్కలో వయసుదే పెద్ద వాటా. 2023లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ తెచ్చిన కొత్త పద్ధతి 30 ఏళ్ల ముప్పును కూడా చూపిస్తుంది. ప్రీఎక్లాంప్సియా లాంటివి ఇంకా ఆ లెక్కలోకి రాలేదు, కాబట్టి డాక్టర్ వాటిని విడిగా పరిగణించాలి. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందులు ఆడవాళ్లకు పనిచేయవన్న మాట నిజం కాదు. ఒకే స్థాయి ముప్పు ఉన్న స్త్రీ పురుషులకు మేలు దాదాపు సమానమే. గర్భం దాల్చే అవకాశం ఉన్నవాళ్లు మాత్రం ముందుగా డాక్టర్‌తో మాట్లాడాలి.

వారానికి 150 నిమిషాలు చురుకైన నడక, రెండు రోజులు కండరాలకు పని. ఈ సలహా అందరూ వినేదే. నడివయసు మహిళకు దీనికి అడ్డుపడేది బద్ధకం కన్నా తీరిక లేకపోవడం. పిల్లలు, పెద్దవాళ్లు, ఉద్యోగం మధ్య ఆమె నడకే అన్నిటికన్నా ముందు వాయిదా పడుతుంది. ఇంటిపనితో ఒళ్లు అలుస్తుంది గానీ గుండె వేగం పెరిగి కొంతసేపు నిలిచేలా చేసే కదలిక అందులో చాలాసార్లు ఉండదు. ఆ అరగంట ఆమెకు దొరకాలంటే ఇంట్లో ఇంకొకరు ఆ అరగంట పని అందుకోవాలి.

ఇన్ని చేసినా గుండె ఆగే పరిస్థితి రావచ్చు. బహిరంగ ప్రదేశాల్లో గుండె ఆగి పడిపోయినవాళ్లకు చుట్టుపక్కలవాళ్లు సీపీఆర్ (ఛాతీ నొక్కి రక్తం ఆడేలా చేయడం) చేసింది పురుషుల్లో 45 శాతం మందికి, మహిళల్లో 39 శాతం మందికేనని 2018లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో తేలింది. ఆడమనిషి ఛాతీ మీద చెయ్యి వేయడానికి జంకడం దీనికొక కారణం కావచ్చు. పద్ధతి ఇద్దరికీ ఒకటే. అంబులెన్స్‌కు ఫోన్ చేయించి, ఛాతీ మధ్య ఎముక మీద అరచేతి మడమ ఆనించి, కనీసం ఐదు సెంటీమీటర్లు లోతుకు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి.

గుండెపోటు నుంచి బయటపడ్డాక కూడా తేడా కొనసాగుతుంది. పర్యవేక్షణలో వ్యాయామం, మందుల సర్దుబాటు, మానసిక ధైర్యం కలిపి ఇచ్చే కార్డియాక్ రీహాబ్‌కు మహిళలను పంపడం తక్కువ, పంపినా పూర్తిచేసేవాళ్లు తక్కువ. డిశ్చార్జ్ అయిన వారానికే ఇంటిపనిలో పడిపోవడం దీనికి పెద్ద కారణం. డిశ్చార్జ్ కాగితంలో రీహాబ్ ప్రస్తావన లేకపోతే అక్కడే అడిగి రాయించుకోవాలి. మొదటి తేదీ కూడా వేయించుకుని ఇంటికి వెళ్లడం మంచిది.